జీపుకు ఎత్తు మడమలా?

పొట్టిమనిషి ఎత్తు మడమల జోడు తొడిగితే చూసేవారికి నాలుగు వేళ్ళు పెరిగినట్లే ఉంటాడు. నెత్తి పైకి పోతుంది, చొక్కా పైకి పోతుంది. కాని దారిలో రాయి తగిలే కాలివేలు మాత్రం నేల మీదనే ఉంటుంది. రాయికి మనిషి ఎత్తుతో పని లేదు. అది వేలినే చూస్తుంది.

ఈ రోజుల్లో జీపులకు కూడా ఎత్తు మడమలు వచ్చినవి. వాటికి సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ అని పేరు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, కొన్ని కడ్డీలు, బోల్టులు కలిపి ఒక పెట్టెలో అమ్ముతారు. బిగిస్తే బండి రెండంగుళాలో, నాలుగంగుళాలో పైకి లేస్తుంది.

గిద్దలూరు వైపు నుంచి ఒక పాఠకుడు ఈ సంగతే రాశాడు. ఇంట్లో 2020 తరువాతి థార్ బండి ఉన్నది. పొలం నల్లమల కింద. శనివారాల్లో నెమలిగుండ్ల రంగనాయకస్వామి దర్శనానికి ఇంటిల్లిపాదీ అందులోనే పోతారు. స్నేహితులు నాలుగంగుళాలు లేపమంటున్నారు. నాన్నగారు ఒక్క అంగుళం కూడా వద్దంటున్నారు. నాయనమ్మ మాత్రం, "ఒరే నాయనా, ఇప్పటికే ఎక్కలేక చస్తున్నా, ఇంకా పైకి లేపితే నిచ్చెన కూడా కొను" అన్నదట. తీర్పు మమ్మల్ని చెప్పమన్నాడు.

తండ్రీకొడుకుల మధ్య తీర్పరితనం ప్రమాదకరమైన ఉద్యోగం. అందుచేత తీర్పు చెప్పక, ముగ్గురూ కలిసి తేల్చుకొనే ఉపాయం ఒకటి మనవి చేస్తాను.

ముందు మన సీమ సంగతి. మార్కాపురం పలకరాతి నేల, దోర్నాల ఘాటు మలుపులు, గుండ్లకమ్మ, సగిలేరు వంటి వాగులు, కొండ కింద రాళ్ళు తేలిన బండిబాటలు – ఇక్కడ జీపు విలాస వస్తువు కాదు. రెండో ప్రపంచ యుద్ధానికి పుట్టిన విల్లీస్ జీపును 1940ల చివర మహీంద్రావారు మన దేశంలో కూర్చడం మొదలుపెట్టినప్పటి నుంచీ దాని సంతతి ఇలాంటి పల్లెదారులు పట్టింది. తరువాతి కాలంలో కమాండర్ జీపులో లోపల పది మంది, వెనుక వేలాడుతూ ఇద్దరు, పైన మూటలు – అందరూ ఊరు చేరేవారు. వాటికి లిఫ్ట్ కిట్లు లేవు, కమాను కట్టలుండేవి. శ్రీశైలం దారిలో శిఖరం దగ్గర నుంచి అడవిలోని ఇష్టకామేశ్వరి గుడికి భక్తులను తీసుకుపోయే జీపులను చూసినవారికి ఇంకొక సంగతి తెలుసు. ఆ రాళ్ళ మీద బండిని దాటించేది ఎత్తు ఒక్కటే కాదు. ఏ చక్రం ఏ రాయి మీద పెట్టాలో తెలిసిన డ్రైవరు, నడక కన్న కాస్త ఎక్కువైన వేగం.

ఇక ఉపాయం. కిట్ కొనే ముందు ఒక ఆదివారం బండిని మామూలుగా వేసే బరువుతోనే మామూలుగా పోయే బాటలో తిప్పి తీసుకురండి. నీళ్ళ క్యాన్లు పది వేసేవారైతే పదీ వేయండి. ఇరవై లీటర్ల క్యాన్లు పది అంటే రెండు వందల కిలోలు. ఇంటికి వచ్చాక చాప పరిచి, టార్చి లైటు పట్టుకొని, ఇంజను చల్లారిన తరువాత బండి కిందికి తొంగి చూడండి. చూడవలసినది ఒక్కటే – గీత ఎక్కడ పడింది? కనబడినదల్లా ఒక పలక మీద రాసుకోండి. మార్కాపురం సీమలో పలకకు కరవా?

గీత ముందు బంపరు కింది అంచున పడిందా? అది గట్టు ఎక్కేటప్పుడు ముక్కు తగలడం. దానికి మొదటి మందు లిఫ్ట్ కాదు, బంపరు. కంపెనీ నుంచి వచ్చిన థార్ ముందు వైపు 41.8 డిగ్రీల వాలును తాకకుండా ఎక్కగలదు. అంత వాలు మీ పొలం గట్టుకు ఉన్నదో లేదో చూడండి. చాలామంది అందం కోసం బిగించుకొన్న అదనపు ఇనుప బంపరే ఈ లెక్కను చెడగొడుతుంది.

గీత నడుము కింద, ముందు వెనుక చక్రాల మధ్య పడిందా? అది మిట్ట మీద కడుపు ఆనడం. ఇక్కడ లిఫ్ట్ నిజంగా పనికి వస్తుంది. బండి లేస్తే నడుమూ లేస్తుంది.

గీత వెనుక చక్రాల మధ్య, గుమ్మడికాయలా ఉబ్బిన హౌసింగు మీద పడిందా? ఇక్కడే మన కాలివేలి సామెత. థార్‌లో వెనుక ఇరుసు ఒకే కడ్డీలా రెండు చక్రాలనూ కలుపుతుంది. స్ప్రింగులు దాని మీద కూర్చుంటాయి. మీరు స్ప్రింగులు ఎంత పొడుగువి వేసినా లేచేది స్ప్రింగుల పైనున్న బండి; ఇరుసు చక్రంతోనే ఉంటుంది. దానిని లేపగలిగేది టైరొక్కటే. టైరు మొత్తం ఎత్తు రెండంగుళాలు పెరిగితే ఇరుసు ఒక అంగుళం లేస్తుంది. 2023లో మన దేశంలో విడుదలైన జిమ్నీకి ముందూ వెనుకా కూడా ఇలాంటి ఇరుసులే. థార్ ముందు చక్రాల సస్పెన్షన్ విడివిడిగా ఉంటుంది గనుక అక్కడ హౌసింగు బండితోపాటు లేస్తుంది. అయితే చక్రాలను తిప్పే కడ్డీలు ఎక్కువ వాలుగా పనిచేయవలసి వస్తుంది. వాలు మితిమీరితే వాటి రబ్బరు తొడుగులు చినుగుతాయి, లోపలికి మన్ను చేరుతుంది, తరువాత ఖర్చు మొదలవుతుంది.

గీతలేవీ లేవు, కాని గుంటలో దిగినప్పుడల్లా దబ్బున చప్పుడు వస్తున్నదా? అది ఎత్తు తక్కువై కాదు. బరువుకు స్ప్రింగులు కుంగిపోవడం, లేదా షాక్ అబ్జార్బర్లు అరిగిపోవడం. పాత జీపులో అయితే కమాను పట్టీ విరిగి ఉండవచ్చు. వాటిని సరిచేస్తే బండి పోగొట్టుకొన్న ఎత్తు తిరిగి వస్తుంది.

పలక మీద లెక్క చూసి, లిఫ్ట్ కావలసినదేనని తేలిందనుకోండి. అప్పుడు ఎన్ని అంగుళాలు అని అడగక, పెట్టెలో ఏమేమి ఉన్నవని అడగండి. అన్నిటికన్న చవక రకం, స్ప్రింగు పైన ఒక బిళ్ళ పెట్టి లేపడం. స్ప్రింగు పాతదే, షాకు పాతదే. బండి లేచింది గాని షాకు పొడుగు పెరగలేదు. చక్రం గుంటలోకి దిగబోతే అది అడ్డం పడి టక్కుమని ఆగుతుంది. రెండో రకం, చాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మెలు పెట్టడం. దానితో పెద్ద టైర్లకు చోటు వస్తుందే గాని నడుము కింద ఇనుము ఒక్క వెంట్రుక కూడా లేవదు. పాత కమాను జీపులకు పట్టీ ఒకటి అదనంగా చేర్చడం, షేకిళ్ళు పొడుగువి వేయడం మూడో రకం. పట్టీ చేర్చితే బరువుకు ఆగుతుంది గాని ఖాళీగా పోయేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. షేకిళ్ళు మరీ పొడుగైతే స్టీరింగు నిలకడ చెడుతుంది.

నమ్మదగిన కిట్‌లో స్ప్రింగులకు సరిపడిన పొడుగు షాకులు ఉండాలి. ఇరుసును నడిమధ్య నిలిపే అడ్డకడ్డీ సవరణ, బ్రేకు గొట్టాలు సాగి తెగకుండా పొడుగు గొట్టాలో, బిగింపు మార్పో ఉండాలి. ఇక స్ప్రింగును బరువు చూసి ఎంచుకోవాలి. రోజూ రెండు వందల కిలోలు వేసేవాడికి సరిపోయే స్ప్రింగు, ఇద్దరే ఎక్కి తిరిగే ఇంటికి రాయిలా ఉంటుంది. ఆ రాయి సంగతి మొదట తెలిసేది నాయనమ్మ నడుముకే.

లేపినందుకు చెల్లించవలసినది డబ్బు ఒక్కటే కాదు. చక్రాల మధ్య దూరం 1,400 మిల్లీమీటర్లు, బండి బరువు కేంద్రం నేల నుంచి 700 మిల్లీమీటర్లు అనుకొందాం. నిలిపి ఉంచిన ఆ బండిని పక్కకు 45 డిగ్రీలు ఒరిగిస్తే పల్టీ కొడుతుంది. కేంద్రం 50 మిల్లీమీటర్లు లేస్తే 43 డిగ్రీలకే కొడుతుంది. 100 లేస్తే 41కి. రెండు మూడు డిగ్రీలే గదా అనకండి. ఇది కదలని బండి లెక్క. దోర్నాల ఘాటు మలుపులో, పైన సామాను, లోపల పిల్లలు, ఎదురుగా బస్సు ఉన్నప్పుడు ఆ డిగ్రీలే ప్రాణాలు.

వాగు సంగతి మరొకటి. ఎత్తు పెరిగిన బండి కన్న, బండి ఎత్తు చూసి పెరిగిన ధైర్యం ఎక్కువ ప్రమాదం. నీటి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలవుతుంది. పైన కొండల్లో వాన పడిన రోజు గుండ్లకమ్మ ఏ కిట్‌నూ గౌరవించదు.

చట్టం కూడా చూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిపరిచింది. అదే సంవత్సరపు సవరణతో, అనుమతి లేని మార్పు చేసుకొన్న యజమానికి మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. కనుక ముందు రవాణా కార్యాలయంలో అడగండి. బీమా కంపెనీకి ఉత్తరం రాసి జవాబు కాగితం మీద తీసుకోండి. కిట్ అమ్మేవాడు "ఏమీ కాదండీ" అంటే, ఆ మాటను కూడా కాగితం మీద రాసిమ్మనండి. అతను అక్కడే తగ్గుతాడు.

ఇంకొక మాట. బండి లేచినంత మాత్రాన నల్లమల మన పెరడు కాదు. అది పులుల అభయారణ్యం. దోర్నాల–శ్రీశైలం దారిలో రాత్రి 9 నుంచి తెల్లవారి 6 వరకు గేట్లు మూసేది అందుకే. అటవీశాఖవారు అనుమతించిన బాటే మన బాట.

ఇన్ని చెప్పిన తరువాత ఒక వరుస చెప్పకపోతే అన్యాయం. మొదట అరిగినవి మార్చండి. తరువాత మంచి టైర్లు, కంపెనీ ఒప్పుకొన్న కొలతలోనే. రాళ్ళ బాటలో వాటి గాలి కొంచెం తగ్గించండి. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్ళీ నింపండి. ఆ తరువాత కడుపు కింద ఇనుప రేకు. అప్పటికీ పలక మీద నడుము గీత చెరగకపోతే, చట్టం ఒప్పుకొంటే, రెండంగుళాల లోపు పూర్తి కిట్. బిగించిన రోజే అలైన్‌మెంటు, హెడ్‌లైట్ల చూపు సరిచేయించండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్ళీ బిగించండి. మెట్టు కడ్డీ ఒకటి మరచిపోకండి. ఇంటి బండి అంటే ఇంట్లో అందరికన్న పెద్దవారు ఎక్కగలిగినదే.

నాలుగంగుళాలంటారా? వీధిలో నిలిపినప్పుడు ఎదురింటివారికి బాగా కనబడుతుంది. రాయికి మాత్రం కనబడదు.