బీడీ కూలి – యజమానులకు సాయము

కనీస వేతనమును, అదనపు గంటల కూలిని ఎగవేసిన యజమానిని తొలుతనే న్యాయస్థానమున నిలుపుట కంటె, ముందుగా నాతనికి శాసనమును తెలిపి దిద్దుకొనుటకు గడువొసగుట మేలను అభిప్రాయము ఇపుడు ప్రభుత్వమున బలపడినది. పార్లమెంటు 2019లో ఆమోదించిన వేతన స్మృతి 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినది. అందు పూర్వపు తనిఖీ అధికారి పేరే మారినది. ఆతడిపుడు తనిఖీదారుడే కాక సహాయకుడును. కొన్ని తప్పుల విషయమున అభియోగము తెచ్చుటకు ముందు వ్రాతమూలముగా ఆదేశించి గడువు చూపవలెను. ఇది యజమానులకు కొమ్ముగాయుటయని పలువురనుచున్నారు. మేమట్లు తలంపము. తెలియక తప్పుచేయువారును గలరు. కాని మోర్తాడు ప్రాంతమున ఈ సాయము ఎవ్వరికి, ఏ రూపమున అందవలయునన్నదే ప్రశ్న.

మన జిల్లాలో కూలి చట్టమనగానే పెద్దలకు బోధను జ్ఞప్తికి వచ్చును. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. కర్మాగారపు పనివానికి గేటు గలదు, హాజరు పుస్తకము గలదు. దినమునకు 9 గంటలు గాని వారమునకు 48 గంటలు గాని మించినచో రెట్టింపు కూలి యని 1948 నాటి కర్మాగారముల శాసనము చెప్పెను. గడియారమును చూచి లెక్కకట్టవచ్చును. మోర్తాడులో బీడీలు చుట్టు స్త్రీకి గేటెక్కడిది? ఆమె ఇల్లే కార్ఖానా. వంటయైన పిదప చాట ఒడిలో పెట్టుకొని కూర్చుండును. దీపము వెలిగిన పిదపను కూర్చుండును. ఆమె కూలి గంటలకు గాదు, వేయి బీడీలకు.

శాసనము ఆమెను మరచినదన్న మాట నిజము కాదు. 1948 కనీస వేతన శాసనపు పట్టికలోనే పొగాకు, బీడీ పని చేర్పబడినది. 1966లో బీడీ, చుట్టల కార్మికులకై ప్రత్యేక శాసనము వచ్చి, ఇంటివద్ద చుట్టువారిని సయితము కార్మికులుగా గుర్తించెను. ఇపుడా రెండును క్రొత్త స్మృతులలో లీనమైనవి. నడుమనున్న టేకేదారును చూపి యజమాని తప్పుకొనజాలడని సుప్రీంకోర్టు 1964లోనే దివాన్ మొహిదీన్ సాహెబు వ్యాజ్యమున తేల్చినది; మంగళూరు గణేశ్ బీడీ వారి వ్యాజ్యమున 1974లో 1966 శాసనమును సమర్థించినది.

ఐనను కూలి తరుగుచున్నది. ఎట్లు? వేయింటికి ప్రకటించిన ధర, కరువుభత్యముతో గూడ, పుస్తకమున సరిగానే వ్రాసియున్నదనుకొందము. వేయి బీడీలకు చాలని తునికాకు తూచి యిచ్చి వేయి బీడీలనే అడిగినచో, కొరతపడిన ఆకును ఆమె తన డబ్బుతో కొనవలెను. ఆకు చిల్లులుపడినదైనచో కత్తిరింపులో సగము పోవును. తెచ్చిన వేయింటిలో నూరు పనికిరావని తీసివేసినచో ఆ నూటికి పట్టిన పొద్దు ఎవరి ఖాతాలో వ్రాయవలెను? ఎనిమిది గంటలలో కావలసిన వేయి చెడ్డ ఆకువలన పదునొకండు గంటలు పట్టినచో, మిగిలిన మూడు గంటలును అదనపు గంటలే గదా! వాటికి రెట్టింపు కూలి మాట అటుండగా, ఒంటి కూలియు లేదు. మహారాష్ట్ర నియమములు నూటికి అయిదుకు మించి తీసివేయరాదని హద్దు పెట్టినవి. అట్టి హద్దును గోడమీద వ్రాసి పెట్టిన కార్ఖానాలు ఇచట ఎన్నిగలవో పాఠకులే చూచిరావచ్చును.

టేకేదారును దోషిగా నిలుపుట సులభము. మేము దానికి తొందరపడము. ఆతడు ఊరివాడే, ఆ స్త్రీలకు అన్నయో బావయో కాగలవాడు. కంపెనీ యిచ్చు కమీషనులో బండి కిరాయి, ఆకు తరుగు, కొట్టు అద్దె పోగా మిగులు లేనిచో, ఆ లోటును త్రాసులో గాక మరెక్కడ పూడ్చుకొనును? కావున చట్టము పాటించుటకు సాయము కావలసినది ముందుగా ఈతనికి. ఆ సాయము చేయవలసినది కంపెనీ. చాలినంత ఆకును, చాలినంత కమీషనును ఇచ్చినగాని ఈతనికి చేయు చట్టబోధ వట్టిమాటయగును.

వ్యాపారము క్షీణించినదని కంపెనీలవారందురు. బీడీ త్రాగుట మంచిదని మేమును చెప్పబోము. క్షీణించుట ఆరోగ్యమునకు మేలే. నెలలో పని దొరకు దినములు తగ్గినమాటయు నిజమే. 2017లో బీడీలపై 28 శాతము పన్ను పడినది. దానిని 18కి తగ్గించుటకు 2025 సెప్టెంబరులో మండలి నిశ్చయించినది. ఆ తగ్గింపులో ఒక పాలు కూలిపై చేరునా? కనీస కూలియైన నీయలేని పరిశ్రమకు బ్రతుకు హక్కు లేదని సుప్రీంకోర్టు 1957లో పలికినది. పని తగ్గెనను కారణమున ఉన్న పనికే కూలి తగ్గించుట ఏ శాసనమునకు సమ్మతము?

సహాయకుడను క్రొత్త పేరు దాల్చిన అధికారి మోర్తాడు, కమ్మర్‌పల్లి, బాల్కొండ కార్ఖానాలకు వచ్చి చేయవలసిన పనులు పెద్దవి కావు. వేయింటి ధరను, కరువుభత్యమును తెలుగునను ఉర్దూనను పెద్ద అక్షరములతో గోడకు కట్టించవలెను. వేయింటికి ఇంత ఆకు, ఇంత తంబాకు అని తూకమును దానిక్రిందనే వ్రాయించవలెను. తీసివేసిన బీడీలను ఆమె కన్నుల యెదుటనే త్రుంచి పారవేయించవలెను. లేనిచో అవి మరల కట్టలలో చేరును. కూలి చీటి ఆమె చేతికే రావలెను. గంటల లెక్కన పనిచేయు ప్యాకర్లకు, బట్టీవారికి హాజరు పుస్తకము తప్పదు.

పఠనమందిరములకు వచ్చు మిత్రులకొక మాట. పాత శాసనము క్రింద తక్కువపడిన కూలికై ఆరు నెలలలోపల అర్జీ పెట్టవలసియుండెను. క్రొత్త స్మృతి మూడేండ్ల గడువిచ్చినది. ఈ సంగతి చాటముందు కూర్చున్న స్త్రీకి వార్తాపత్రిక ద్వారా చేరదు; చదివినవారు ఇంటికి పోయి చెప్పవలెను. ఆమె పాసుపుస్తకమును తెరచి, ఇచ్చిన ఆకు, తెచ్చిన బీడీలు, తీసివేసినవి, ముట్టిన కూలి వరుసగా కూడి చూపవలెను. వచ్చు నెల కూలి పంచు దినమునకు ముందుగానే యిది జరుగవలయునని మా కోరిక.