ట్యూబులో ఆకుపచ్చ కొనకండి

ఆయిల్ రంగుల్లో తోట బొమ్మ వేయడం నేర్చుకోవాలనుకునే వాళ్ళకి నాది ఒక్కటే సలహా. ట్యూబులో దొరికే ఆకుపచ్చ కొనకండి. కనీసం మొదటి ఏడాది కొనకండి.

నేను కొన్నాను. సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో స్వాన్ లేక్ ఒడ్డున కూర్చుని, చెట్లు, గడ్డి, నీళ్ళలో నీడలు అన్నీ ఆ ఒక్క ట్యూబుతోనే వేశాను. ఇంటికి తెచ్చి గోడకి ఆనించాను. మా మనవరాలు చూసి, "ఫుట్‌బాల్ గ్రౌండా?" అని అడిగింది. నిజమే, అలాగే ఉంది.

ఆ తోట 1859లో మొదలైంది. 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అక్కడి టెంబుసు చెట్టు బొమ్మ మన అయిదు డాలర్ల నోటు వెనక ఉంది. నోటు మీద కాదు, వెళ్ళి ఆ చెట్టునే ఒక గంట చూడండి. ఎండ పడిన ఆకులు దాదాపు పసుపు. నీడలో ఉన్నవి నీలం. కిందికి వాలిన కొమ్మ దగ్గర కొంచెం ఊదా కూడా ఉంది. నేను ఆకుపచ్చ అనుకున్నది చాలా తక్కువ.

ఇప్పుడు నా దగ్గర నీలం, రెండు రకాల పసుపు, ఎరుపు, తెలుపు మాత్రమే ఉన్నాయి. నీలంలో లెమన్ ఎల్లో ఎక్కువ కలిపితే లేత ఆకు వస్తుంది. ఓకర్ కలిపితే పాచి రంగు. దానికి చిటికెడు ఎరుపు తగిలిస్తే నీడ.

ఇందులో తెలుగు నాకు సాయం చేసింది. ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు గ్రీన్ అంటే ఆకుపచ్చ, అంతే. కానీ మన పచ్చ ఒక రంగు దగ్గర ఆగదు. పసుపుపచ్చ ఉంది, ఆకుపచ్చ ఉంది, చిలకపచ్చ ఉంది. పచ్చకామెర్లు వచ్చిన మనిషి ఆకు రంగులోకి మారడు కదా! పసుపు, ఆకుపచ్చ ఒకే ఇంట్లో ఉంటాయని మన వాళ్ళు ముందే మాటలో పెట్టుకున్నారు. పదాల పట్టికలో "గ్రీన్ అంటే ఆకుపచ్చ" అని బట్టీ పట్టడం నా దృష్టిలో ట్యూబు కొనడమే.

గుడిలో నాతో పూలు కట్టే ఒకావిడ, "ఈ వయసులో ఆయిల్ ఎందుకండీ, ఆక్రిలిక్ అయితే అరగంటలో ఆరిపోతుంది" అన్నారు. అదే నాకు ఇబ్బంది. నేను ఆలోచించేలోపే ఆరిపోతుంది. ఆయిల్ రంగులో ఉండేది అవిసె నూనె. అది ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్ తీసుకుని మెల్లగా గట్టిపడుతుంది. పల్చటి పూత ఆరడానికే రోజులు పడుతుంది. శనివారాలు నేను తోమే దీపపు కుందుల్లోది నువ్వుల నూనె. అది ఎన్నాళ్ళున్నా జిడ్డుగానే ఉంటుంది. అందుకే బొమ్మకి అవిసె, దేవుడికి నువ్వులు. అడుగు పూతలో టర్పెంటైన్ ఎక్కువ, పై పూతల్లో నూనె ఎక్కువ ఉండాలి. తలకిందులు చేస్తే పైది ముందు ఆరి, తర్వాత పగులుతుంది.

మా అమ్మ దండం పెట్టిన ప్రతిసారీ "పదికాలాలు పచ్చగా ఉండు" అనేది. చిన్నప్పుడు నేను అద్దంలో మొహం చూసుకునేదాన్ని, రంగు మారిందేమోనని. అర్థం అడగలేదు. అడగాలని తోచేసరికి ఆవిడ లేదు. పచ్చ, పచ్చి ఒకే ఇంటి మాటలని, కొత్తగా పూసిన గోడని కూడా పచ్చిగా ఉంది అంటారని, ఈ మధ్యే నేర్చుకున్నాను.

రెండో బొమ్మ ఇప్పుడు గోడకి ఆనించి ఉంది. టెంబుసు, దాని కింద గడ్డి. నిన్న మనవరాలు గడ్డి మీద వేలు పెట్టబోయింది.

"ముట్టుకోకమ్మా, ఇంకా పచ్చిగా ఉంది" అన్నాను.

"గ్రాస్ కదా అమ్మమ్మా, అలాగే ఉంటుంది" అంది.