తాళం ఎవరిదో పూచీ వారిదే

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రం అంటుకుంది. లిథియం బ్యాటరీల నుంచి లేచిన మంటల వల్ల 709 ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ నిలబెట్టే పని మొదలైంది కానీ, ఉద్యోగులు తమ ఫైళ్లు దాచుకునే ‘జీ-డ్రైవ్’ మాత్రం లేవలేదు. 858 టెరాబైట్ల సమాచారం బూడిదైంది. పరిమాణం మరీ పెద్దది కావడంతో దానికి బయట ఎక్కడా బ్యాకప్ పెట్టలేదని అధికారులు చెప్పారు. ఉద్యోగుల అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం కాదిది. ఆఫీసు కంప్యూటర్లలో ఏమీ ఉంచొద్దు, పని కాగితాలన్నీ జీ-డ్రైవ్‌లోనే పెట్టండని ప్రభుత్వమే మార్గదర్శకాలు ఇచ్చింది. సిబ్బంది అందరూ దాన్నే వాడాలని పట్టుబట్టిన సిబ్బంది నిర్వహణ మంత్రిత్వ శాఖే అందరికంటే ఎక్కువ దెబ్బతింది. ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటించినవాళ్లు చివరికి పాత ఈమెయిళ్లలో, ముద్రించిన కాగితాల్లో తమ పనిని వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇది ఎక్కడో కొరియా గొడవ అనుకోవడానికి లేదు. మాదాపూర్‌లోనో విశాఖలోనో ఒక ఉద్యోగి చేతికి కంపెనీ ఇచ్చే ల్యాప్‌టాప్ పరిస్థితీ ఇదే. పెన్‌డ్రైవ్ పెడితే పనిచేయదు. సొంత ఈమెయిల్‌కు ఫైలు పంపితే హెచ్చరిక వస్తుంది. సొంత క్లౌడ్ ఖాతా తెరుచుకోదు. కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకునే అధికారం ఉండదు. ఈ కట్టడిలో అన్యాయం ఏమీ లేదు. అందులో ఉన్నది ఖాతాదారుల సమాచారం, సంస్థ సొత్తు. బయటికి పొక్కితే నష్టపోయేది ఎందరో. కానీ, ఇంకో నకలు తీసుకునే దారులన్నీ మూసేసినప్పుడు, పోయినదాన్ని తిరిగి తెచ్చి ఇచ్చే పూచీ కూడా పూర్తిగా ఆ మూసినవాళ్ల మీదే పడుతుంది. అదీ ‘బ్యాకప్ ఉంది’ అన్న మాటతో తీరే పూచీ కాదు. అడిగిన రోజు, పనికొచ్చే వ్యవధిలో తిరిగి తెచ్చి చూపిస్తేనే తీరుతుంది.

ఒక ల్యాప్‌టాప్ పాడైన ఉదయాన్ని దగ్గరగా చూడండి. మదర్‌బోర్డు పోయింది, హార్డ్‌డిస్క్ బాగానే ఉంది. పాత రోజుల్లో అయితే ఆ డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే ఫైళ్లు దొరికేవి. ఇప్పుడు డిస్కు మొత్తం ఎన్‌క్రిప్షన్‌లో ఉంటుంది. తగిలించగానే విండోస్‌లోని బిట్‌లాకర్ రక్షణ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఉద్యోగి దగ్గర ఉండదు, సంస్థ దగ్గర ఉండాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ లోపంతో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలినప్పుడు, చాలా సంస్థల ఐటీ సిబ్బంది ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్లి ఆ అంకెలు టైపు చేయాల్సి వచ్చింది. కీ దొరికితే సరే. దొరకకపోతే ఆ డిస్కులోని ఏళ్ల పని కళ్లెదుటే ఉన్నా లేనట్టే.

‘మా ఫైళ్లన్నీ క్లౌడ్‌కు సింక్ అవుతున్నాయి, ఇక భయమెందుకు’ అన్నది తరచుగా వినిపించే మాట. సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఇక్కడ ఫైలు చెరిపితే సింక్ అక్కడా చెరిపేస్తుంది; ఇక్కడ పాడైతే అక్కడా పాడైనదే చేరుతుంది. చెరిపిన ఫైలు వ్యాపార వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో 93 రోజులుంటుంది. ఏడాది చివర ఆడిటర్ అడిగే ఫైలు ఏప్రిల్‌లోనే చెరిగిపోయి ఉంటే ఆ గడువు ఏ మూలకు? పైగా సంస్థలు సాధారణంగా సింక్‌లో పెట్టేవి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు. మన ఆఫీసుల్లో ముఖ్యమైనవి ‘డీ డ్రైవ్’లో దాచుకునే అలవాటు ఇంకా పోలేదు. డౌన్‌లోడ్స్ ఫోల్డరే అల్మరాగా మారిన కంప్యూటర్లకు లెక్కలేదు. అవి సింక్ కంటికి కనబడవు. ఇక క్లౌడ్ సంస్థ మీదే భారం వేసి నిశ్చింతగా ఉండవచ్చా అంటే, 2024 మేలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్ అనుభవం చూడాలి. గూగుల్ క్లౌడ్‌లో జరిగిన అమరిక పొరపాటుతో ఆ నిధి ప్రైవేట్ క్లౌడ్ చెరిగిపోయింది. ఆరు లక్షల మందికి పైగా సభ్యుల సేవలు తిరిగి మొదలుకావడానికి తోడ్పడింది, వేరే సంస్థ దగ్గర విడిగా ఉంచిన బ్యాకప్.

నకలు ఉన్నంత మాత్రాన సరిపోదని చెప్పే గట్టి సాక్ష్యం ఇంకొకటి ఉంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశారు. ఆ సంస్థకు ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. అవసరం పడ్డ గంటలో ఏ ఒక్కటీ నమ్మదగ్గ స్థితిలో లేదు. రోజూ నకలు తీయాల్సిన ప్రోగ్రాం డేటాబేస్ వెర్షన్‌తో పొసగక విఫలమవుతూ ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లను మెయిల్ వ్యవస్థ తిప్పికొట్టడంతో అవీ ఎవరికీ అందలేదు. అంతకు ఆరు గంటల ముందు అనుకోకుండా తీసిన ఒక నకలు ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం పోయింది. సాఫ్ట్‌వేరే వృత్తిగా బతికే సంస్థలో ఇలా జరిగిందంటే కారణం అజ్ఞానం అనలేం. నకలు తీసే పని రోజూ జరుగుతుందనుకున్నారు, తిరిగి తెచ్చే పనిని ఎవరూ సాధన చేయలేదు.

వ్యవధి సంగతి మన దగ్గరే తేలింది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలో దాదాపు 1.3 టెరాబైట్ల సమాచారానికి దుండగులు తాళం వేశారు. దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్ ఉండటంతో ఈ-హాస్పిటల్ సమాచారం అంతా దొరికిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అది ఎంతో ఊరట. అయినా దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల నుంచి పరీక్షల నివేదికల దాకా చేతిరాతతోనే నడిచాయి. సమాచారం దొరకడానికీ, అది రోగి ముందున్న కంప్యూటర్ తెరమీదికి రావడానికీ మధ్య అంత దూరం ఉంటుంది. ఆ దూరాన్ని ముందే కొలిచి పెట్టుకోకపోతే ఆపద వేళ అది ఎంతకు సాగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఖర్చు మాటేమిటని చిన్న సంస్థల యజమానులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ప్రతి ఫైలుకూ ఒకే స్థాయి రక్షణ అక్కర్లేదు. పోతే వ్యాపారం ఆగిపోయేవి ఏవి, మళ్లీ తయారు చేసుకోగలిగేవి ఏవి అని విడదీస్తే భారం చాలా తగ్గుతుంది. మూడు నకళ్లు, రెండు రకాల నిల్వ సాధనాలు, ఒకటి వేరే చోట అన్న పాత సూత్రం పాతిక మంది పనిచేసే అకౌంట్స్ ఆఫీసుకూ అందుబాటులోనే ఉంది. పని అయ్యాక ఊడదీసి బీరువాలో పెట్టే రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు, వాటిలో ఒకటి వేరే కట్టడంలో ఉంచే క్రమశిక్షణ, డిస్కులకు పాస్‌వర్డు ఉంటే మొదలుపెట్టవచ్చు. ఊడదీయడం ముఖ్యం. ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్కుకు రాన్సమ్‌వేర్ అసలుతో పాటే తాళం వేస్తుంది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ అది సోకింది. అలాంటిది తమ దాకా రాదని ఏ ఆఫీసూ ధీమాగా ఉండలేదు.

చెప్పిన చోట దాచుకోకపోతే తప్పు ఉద్యోగిది కాదా అన్నది మరో అభ్యంతరం. కొంత నిజమే. చెప్పిన చోటే దాచడం ఉద్యోగి విధి. కానీ ఏ ఫోల్డర్‌కు రక్షణ ఉందో, దేనికి లేదో చేరిన రోజే అర్థమయ్యే భాషలో చెప్పడం సంస్థ విధి. ముప్పై పేజీల పాలసీ పత్రంపై సంతకం తీసుకుంటే చెప్పినట్టు కాదు. అలాగే ల్యాప్‌టాప్ మొత్తానికి నకలు తీస్తే అందులోని సొంత ఫొటోలు, ఆస్పత్రి కాగితాలు కూడా సంస్థ చేతిలో పడతాయన్న భయం న్యాయమైనదే. దానికి మందు బ్యాకప్ మానేయడం కాదు. పని ఫోల్డర్లకే దాన్ని పరిమితం చేసి, ఎవరి అనుమతితో ఎవరు తెరవవచ్చో రాసి పెట్టాలి. తెరిచిన ప్రతిసారీ నమోదు కావాలి.

చట్టం ఇప్పటికే ఈ దారిలో కొంత నడిచింది. కంప్యూటర్‌లో ఉంచే కంపెనీల ఖాతా పుస్తకాలకు రోజూ దేశంలోని సర్వర్లలో బ్యాకప్ ఉండాలని 2022లో నిబంధన మార్చారు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద 2025 నవంబరులో ప్రకటించిన నియమాలు బ్యాకప్‌ను రక్షణ చర్యల్లో చేర్చి, అమలుకు గడువు ఇచ్చాయి. ఒకటి లెక్కలను, మరొకటి వ్యక్తిగత సమాచారాన్ని కాపాడుతుంది. ఆ రెండింటి కిందకూ రాని డిజైన్లు, అంచనాలు, నివేదికలు, ముసాయిదాల సంగతి సంస్థ విచక్షణకే మిగిలింది. ఆ ఖాళీని సంస్థలే పూరించుకోవాలి. మూడు నెలలకోసారి ఏదో ఒక ఉద్యోగి పేరు చీటీ తీసి, నెల కిందటి అతని ఫైలు ఒకదాన్ని కొత్త కంప్యూటర్‌లోకి తెచ్చి చూడాలి. తేదీ, పట్టిన సమయం, ఎదురైన అడ్డంకి రిజిస్టరులో రాయాలి. ఆ పేజీ యాజమాన్యం ముందుకే కాదు, సిబ్బంది ముందుకూ రావాలి. ఉద్యోగి కూడా ల్యాప్‌టాప్ తీసుకునేటప్పుడు చార్జర్ ఉందా అని చూసుకున్నట్టే, ‘ఇది రేపు పోతే నా పని ఎన్ని గంటల్లో తిరిగి వస్తుంది, చివరిసారి ఎప్పుడు తెచ్చి చూశారు’ అని అడగాలి. జీ-డ్రైవ్ మీద నమ్మకం పెట్టుకున్న ఉద్యోగులకు ఆ ప్రశ్నకు జవాబు ముందే దొరికి ఉంటే, మంటలు లేచిన రాత్రి నష్టం బ్యాటరీలు, సర్వర్లతో ఆగిపోయేది.