జింక వేట వద్దు, పందుల కంచె కావాలి



అమెరికాలో ఉన్న మనవాళ్లు అప్పుడప్పుడు ఒక రకం వీడియోలు పంపుతుంటారు. చిన్న పొలం, చివర చెట్టుకి కట్టిన మంచె, దాని మీద తుపాకీతో రైతు. జింక పంటలోకి రాగానే కొడతాడు, మాంసం దాచుకుంటాడు. అక్కడ దానికి లైసెన్సు ఉంది, సీజను ఉంది, ఒక్కొక్కరు ఎన్ని కొట్టాలో లెక్క ఉంది. అది చూసి సీతంపేట, కురుపాం, సాలూరు వైపు కుర్రాళ్లు "మనమూ మొదలెడితే తప్పేటి?" అంటున్నారు.

వద్దు అనే చెబుతాను. అలాగని "అవీ ప్రాణులే, కాస్త తిననివ్వండి" అని పట్నంలో కూర్చుని చెప్పేవాళ్ల పక్కన కూడా నేను లేను. చోడి వెన్ను గట్టిపడే వేళ, మొక్కజొన్న పొత్తు పాలు పట్టే వేళ పందుల మంద ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి ఏం మిగులుతుందో కొండ కింద రైతుకి తెలుసు.

మన వీడియోల్లో ఎవరూ చెప్పని మాట ఒకటుంది. ప్రకృతి సాగు చేసే పొలమే వాటికి ఎక్కువ ఇష్టం. ఘనజీవామృతం వేసి, ఆచ్ఛాదన కప్పి వానపాముల్ని పెంచుతాం. పంది మూతితో తవ్వేది వాటి కోసం, వేరుపురుగుల కోసమే. చుట్టూ ఎండిపోయిన వేసవిలో నవధాన్యాలు చల్లి పొలం పచ్చగా ఉంచుతాం. దుప్పికి, కొండగొర్రెకి ఆ పచ్చదనం దూరం నుంచే పిలుపు. ఏడాది పొడవునా నేల పచ్చగా ఉండాలని రైతుకి నేర్పే కార్యక్రమం, ఆ పచ్చదనానికి కాపలా ఎవరిదో కూడా చెప్పాలి కదండీ. విత్తనంతో పాటు కంచెని కూడా పెట్టుబడి కింద లెక్క కట్టాలన్నది నా వాదన.

ఇక చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే తుపాకీతో కొట్టడం ఒక్కటే కాదు. ఉచ్చు వెయ్యడం, ఎర పెట్టడం, పట్టుకోవడం, అన్నీ వేటే. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది, దానికీ మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పాడేరు, అరకు వైపు ఇటుకల పండగకి వేటకెళ్లడం తాతల నాటి ఆచారం. చట్టం దానికీ మినహాయింపు ఇవ్వలేదు. ఇచ్చింది నికోబార్ దీవుల గిరిజనులకి మాత్రమే.

చట్టం సంగతి అలా ఉంచి, కరెంటు తీగ సంగతి చూడండి. పందికని లైను నుంచి తీగ లాగి పొలం చుట్టూ వేస్తారు. ఆ తీగకి పంది ఎవరో, రాత్రి మోటారు వెయ్యడానికి వచ్చిన పక్క పొలం రైతు ఎవరో తెలీదు. మన్యంలో ఏనుగులు కూడా అదే దారిన నడుస్తున్నాయి. పందికని పెట్టే నాటుబాంబు ఆవు నోట్లో పేలితే ఆ పాపం ఎవరిది? ఇలాంటివి చేసే రైతు నాకు అన్న అయినా సరే, తప్పు తప్పే అంటాను.

చట్టంలోనే ఒక దారి కూడా ఉంది. నిలబడి ఉన్న పంటకి రెండో షెడ్యూలు జంతువు ప్రమాదంగా మారితే, దాన్ని కొట్టడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ అనుమతి ఇవ్వొచ్చు. కేరళ 2022లో అడవిపంది విషయంలో ఆ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లే కొట్టాలి, విషం, బాంబు, కరెంటు పనికిరావు అని షరతులు పెట్టింది. మన గ్రామసభలు అడగాల్సింది ఇదే. పందికి మాత్రమే, అదీ పద్ధతిగా. జింకల జోలికి వద్దు.

అంతవరకూ కంచె. పాత చీరలు, వెంట్రుకలు, కుళ్లిన గుడ్ల ద్రావణం కొన్నాళ్లు పనిచేస్తాయి. కానీ పందికి చీర రంగు తొందరగానే అలవాటైపోతుంది, మారుస్తూ ఉండాలి. గట్టు వెంట రెండు మూడు వరుసలు దట్టంగా ఆముదం వేస్తే కాస్త మేలు. గట్టిగా ఆపేది సోలార్ కంచె. సెకనుకి ఒకసారి చిన్న షాక్ కొడుతుంది, బెదిరిస్తుంది గానీ చంపదు. పందికైతే కింది తీగ జానెడు ఎత్తులో ఉండాలి, దుప్పి దూకుతుంది కాబట్టి దానికి పైన ఇంకా తీగలు కావాలి. తీగకి గడ్డి తగిలితే కరెంటు నేలలోకి పోతుంది. మనం గడ్డిమందు కొట్టం కాబట్టి ఆ వరస కొడవలితో కోసుకోవాల్సిందే.

ఒక్కరే వేసుకోకండి. నలుచదరంగా ఉన్న ఒక ఎకరం చుట్టూ సుమారు 255 మీటర్ల కంచె కావాలి. పదెకరాలు కలిపి చుడితే 805 మీటర్లు చాలు, అంటే ఎకరానికి 80 మీటర్లే. ఖర్చు మూడో వంతుకి దిగిపోతుంది. గట్టు తగాదాలు ఉన్నవాళ్లు కూడా ఈ ఒక్క లెక్క దగ్గర కలవొచ్చు.

పంట పోతే వెంటనే, దున్నేయకముందే, ఫోటోలు తియ్యండి. వాటితో బీట్ ఆఫీసరుకి దరఖాస్తు ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. వన్యప్రాణుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో అదనపు కవరుగా చేరుస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. 72 గంటల్లో ఫోటోలతో సహా యాప్‌లో తెలపాలి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రం ప్రకటించాలి కాబట్టి, మీ మండలం పేరు ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో విత్తనం వెయ్యకముందే అడగండి.