ఉద్యోగం పోతే అనుభవమూ పోతుందా?

2022 నవంబరులో మెటా 11 వేల మందిని, 2023 జనవరిలో గూగుల్ 12 వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పటి నుంచి, అమెరికాలో మనవాళ్ళు నలుగురు కలిసిన చోట ఇదే ప్రశ్న: పదేళ్ళు చేసిన పనికి ఇక విలువ లేనట్టేనా?

విలువ తగ్గినట్టు కనిపించడానికి మొదటి కారణం గడువు. 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఉద్యోగం పోయిన హెచ్‌1బి వారికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ తొందరలో తక్కువ జీతానికి, చిన్న హోదాకి ఒప్పుకునేవారు ఎందరో. ఇక్కడ తగ్గింది బేరమాడే బలమే కానీ అనుభవం కాదు.

చట్టం దృష్టిలో లెక్క మరోలా ఉంటుంది. గ్రీన్‌కార్డు తొలిమెట్టయిన లేబర్ సర్టిఫికేషన్‌లో, దరఖాస్తు చేసే కంపెనీలోనే సంపాదించిన అనుభవం సాధారణంగా చెల్లదు. అక్కడ చేరకముందు చేసినదే లెక్కకు వస్తుంది. అంటే, తీసేసిన కంపెనీలో గడిపిన ఏళ్ళు కొత్త కంపెనీ దరఖాస్తుకు పనికొస్తాయి! బ్యాచిలర్స్ డిగ్రీ తర్వాత బాధ్యతలు పెరుగుతూ వచ్చిన ఐదేళ్ళ అనుభవం ఉంటే ఈబీ2కి వీలుంటుంది. పాత కంపెనీ వేసిన ఐ-140 ఆమోదం పొంది ఉంటే, మోసం వంటి కారణాలతో రద్దయితే తప్ప, ప్రయారిటీ డేటు కూడా మన వెంటే వస్తుంది.

అయితే వీటన్నిటికీ రుజువు కావాలి. హోదా, తేదీలు, చేసిన పనులు, వాడిన టెక్నాలజీలు వివరంగా రాసిన అనుభవపత్రమే ఆ రుజువు. కంపెనీ మూతపడ్డాక, మేనేజరు వెళ్ళిపోయాక దాన్ని సంపాదించడం కష్టం. అప్పుడు పాత సహోద్యోగుల అఫిడవిట్లే దిక్కు.

కనుక సెవరెన్స్ కాగితాల మీద సంతకం పెట్టేముందే ఆ పత్రం అడిగి పుచ్చుకోండి.