బతికి నిలిచిన పాత్ర

తమిళనాడులోని నామక్కల్ ప్రాంతంలో ఒక రైతు కుటుంబంలో పుట్టిన ఎ. రేవతి తన ఆత్మకథలో చిన్ననాటి మారియమ్మ జాతర గురించి రాశారు. అప్పటికి లోకం లెక్కలో ఆమె మగపిల్లవాడు. జాతరలో కురత్తి (ఎరుకలసాని) వేషం కట్టి ఆడితే అచ్చం ఆడపిల్లేనని జనం మెచ్చుకున్నారు. నడకలో, మాటలో ఆడతనం ఉందని మామూలు రోజుల్లో వెక్కిరించిన ఊరు ఆ ఒక్క రాత్రికి అభ్యంతరం చెప్పలేదు. వేషం తీసేసి మళ్లీ మగబట్టలు వేసుకున్నప్పుడే తాను మారువేషంలో ఉన్నట్టు అనిపించిందని ఆమె రాసుకున్నారు. దశాబ్దాల తర్వాత అదే రేవతి, చెన్నైకి చెందిన నాటక దర్శకురాలు అ. మంగై దర్శకత్వంలో తన జీవితాన్ని 'వెళ్లై మొళి' పేరుతో ఒంటరిగా రంగస్థలం మీద చెప్పడం మొదలుపెట్టారు. మొదటి ప్రదర్శనకు ఊరు అనుమతి ఇచ్చింది. రెండోదానికి ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. ట్రాన్స్ జీవితాలు రంగస్థలం ఎక్కడం మంచిదేనని ఇవాళ చాలామంది ఒప్పుకుంటారు. అయితే ఎక్కుతున్నది పాత్ర ఒక్కటేనా, రచయిత కూడానా అని ఎవరూ అడగరు. కథ ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో, ఏది చెప్పాలో, ఏది చెప్పనక్కర్లేదో నిర్ణయించే అధికారం ట్రాన్స్ మనిషి చేతికి వచ్చినప్పుడే నాటకం మారుతుంది. అంతవరకు మారేది మన జాలి మోతాదు మాత్రమే.

భారతీయ ఆధునిక నాటకం ఈ జీవితాలను అసలు పట్టించుకోలేదనడం న్యాయం కాదు. విజయ్ టెండూల్కర్ 1981లోనే మరాఠీలో 'మిత్రాచీ గోష్ట' ద్వారా ఒక స్త్రీ మరో స్త్రీని ప్రేమించడాన్ని ప్రేక్షకుల ముందుకు తెచ్చారు. ఆ రోజుల్లో దానికి చాలా ధైర్యం కావాలి. అయినా, పేరుకు మిత్ర కథ అయిన ఆ నాటకాన్ని మనకు చెప్పేది ఆమె స్నేహితుడు బాపు. మిత్ర చివరికి తన ప్రాణం తానే తీసుకుంటుంది. 1999లో బీబీసీ రేడియోలో ప్రసారమైన మహేష్ దత్తాని 'సెవెన్ స్టెప్స్ అరౌండ్ ద ఫైర్' నాటకం కమల అనే హిజ్రా హత్య చుట్టూ తిరుగుతుంది. మంత్రి కొడుకు ఆమెను రహస్యంగా పెళ్లాడతాడు, ఆమెను చంపేస్తారు, నేరం మరో హిజ్రా అనార్కలి మీద పడుతుంది. నిజం తవ్వి తీసేది పోలీసు అధికారి భార్య, పరిశోధక విద్యార్థిని అయిన ఉమ. దత్తాని సానుభూతిని శంకించడానికి లేదు. పోలీసుల క్రౌర్యాన్నీ, పెద్దమనుషుల ద్వంద్వనీతినీ ఆయన సూటిగా చూపించారు. కానీ నాటకం మొదలయ్యేసరికే కమల చనిపోయి ఉంది. ఆమె ప్రేమ ఎలాంటిదో, పెళ్లినాడు ఆమె ఏమనుకుందో ఆమె నోట మనం వినలేం. తెలుసుకునేది ఉమ, కదిలిపోయేది ఉమ, ఆమె వెంట నడిచేది మనం. రెండు నాటకాల మధ్య పద్దెనిమిదేళ్ల ఎడం ఉంది. రెండింటిలోనూ లోకానికి పొసగని ప్రేమ ప్రాణం మీదికే వచ్చింది. బయటినుంచి చూసే కంటికి ఈ బతుకుల్లో ముందుగా ఆనేది విషాదం కాబట్టి ఇలా జరిగిందని నేను అనుకుంటాను. చనిపోయిన పాత్ర కోసం ప్రేక్షకుడు మనస్ఫూర్తిగా ఏడవగలడు. ఆ పాత్ర అతన్ని తిరిగి ఏమీ అడగదు.

రేవతి అడుగుతారు. ఆమె కథలో హింస తక్కువేం లేదు. అన్న క్రికెట్ బ్యాటుతో కొట్టిన దెబ్బలు, ఇల్లు వదిలి ఢిల్లీకి, ముంబైకి పరుగులు, హిజ్రాల సమూహమైన జమాత్‌లో గురువుల ఆదరణ, అక్కడి కట్టుబాట్లు, నిర్వాణం అని పిలిచే లింగమార్పిడి ఆపరేషన్, పొట్టకూటి కోసం సెక్స్‌వర్క్, రౌడీల అత్యాచారం, పోలీసుల చేతిలో అవమానం అన్నీ అందులో ఉన్నాయి. అయితే కథ అక్కడితో ఆగదు. 1999లో బెంగళూరులోని లైంగిక అల్పసంఖ్యాకుల హక్కుల సంస్థ 'సంగమ'లో చేరడం, అక్కడే పైస్థాయికి ఎదగడం, ఇష్టపడి చేసుకున్న పెళ్లి, అది నిలవకపోవడం, పుట్టింటి ఆస్తిలో వాటా అడగడం, వయసు మళ్లిన తల్లిదండ్రుల బాగోగులు పట్టించుకోవడం కూడా ఆమె చెబుతారు. కన్నీటి కథ కోసం వెతికే రచయిత ఆస్తి వాటా దగ్గర ఇంతసేపు ఆగి ఉండడు. దెబ్బలు తిన్న హిజ్రాను చూసి ఎవరైనా అయ్యో అంటారు. వాటా అడిగే హిజ్రా మాత్రం చూస్తున్న ప్రతి కుటుంబాన్నీ ఇరుకున పెడుతుంది. కూతురిగా గుర్తిస్తారా లేదా, గుర్తిస్తే ఇల్లూ పొలమూ మాటేమిటి అన్న ప్రశ్న సభలోకి వచ్చేస్తుంది. పైగా ఆ ప్రశ్న వేసిన మనిషి ఇంకా బతికే ఉంది, మన ఎదురుగానే ఉంది. ఆ ముగింపును రాయగలిగేది ఆమె ఒక్కరే.

మనకు స్త్రీవేష సంప్రదాయం ఉండనే ఉంది కదా, ఇందులో కొత్తేముందని తెలుగు పాఠకులు అడగవచ్చు. సత్యభామగా స్థానం నరసింహారావును తెలుగు జనం నెత్తిన పెట్టుకున్నారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం కోసం ఊళ్లు ఎదురుచూశాయి. ఆ కళ గొప్పది, అందులో సందేహం లేదు. అయితే ఆ ఔదార్యం ఎవరికి దక్కిందో చూడాలి. హైదరాబాద్ రాజ్యంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. ఆడబట్టలు కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనబడినా, బహిరంగంగా నాట్యం చేసినా, వాద్యం వాయించినా, వినోద ప్రదర్శనలో పాల్గొన్నా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, రెండేళ్ల వరకు జైలు వేయవచ్చని అది చెప్పింది. ఉత్తర భారతంలో బ్రిటిష్ వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టంలోని రెండో భాగమే దీనికి మాతృక. స్థానం వారు పుట్టి పెరిగిన కోస్తా వేరే ఏలుబడిలో ఉన్నదన్నది నిజమే. కానీ 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు, అదే ఏడాది తెలుగువాళ్లంతా ఒక రాష్ట్రం అయినప్పుడు, తెలంగాణ ప్రాంతంలో ఆ చట్టం చెక్కుచెదరకుండా కొనసాగింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది 2023 జులైలో. అంటే నూటనాలుగేళ్ల పాటు ఒకే చీర, ఒకే గాజులు మగ నటుడి ఒంటి మీద కళగా, హిజ్రా ఒంటి మీద నేరంగా చెల్లాయి. చట్టం నిషేధించిన పనుల జాబితాలో ప్రదర్శన కూడా ఉండటం నన్ను చాలా కలవరపెడుతుంది. ట్రాన్స్ కళాకారులు రంగస్థలం మీదికి రాలేదని ఇన్నాళ్లూ అనుకున్నాం. వాళ్లను రానివ్వని శాసనం మన పుస్తకాల్లోనే ఉండేది. కాబట్టి ఇవాళ ఒక ట్రాన్స్ రచయిత్రి నాటకం రాసి ఆడటాన్ని స్త్రీవేష సంప్రదాయానికి కొనసాగింపు అనలేం. ఆ సంప్రదాయం గుమ్మం బయటే నిలబెట్టిన మనిషి ఇప్పుడు లోపలికి వస్తోంది.

నటన అంటేనే పరకాయ ప్రవేశం, ట్రాన్స్ పాత్రను ట్రాన్స్ వాళ్లే వేయాలంటే కళకు కాళ్లు విరిచినట్టే అనే వాదన బలమైనది. దాన్ని నేను కొట్టిపారేయను. ట్రాన్స్ రచయిత్రి, నటి లివింగ్ స్మైల్ విద్య ఆత్మకథ ఆధారంగా తీసిన కన్నడ చిత్రం 'నాను అవనల్ల... అవళు'లో నటించినందుకు ట్రాన్స్ కాని నటుడు సంచారి విజయ్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. ఆయన నటనలో నిజాయితీ ఉంది. ఎవరైనా ఎవరి పాత్రనైనా వేయవచ్చన్న సూత్రం నాకూ సమ్మతమే, అది రెండువైపులా అమలైతే. తల్లి పాత్రకు, కలెక్టర్ పాత్రకు, ద్రౌపదికి ట్రాన్స్ నటిని పిలిచిన రోజున ఆ సూత్రం మీద వాదించాల్సిన అవసరమే ఉండదు. 1885లో మొదలైన సురభి కుటుంబాలు స్త్రీపాత్రలను స్త్రీలకే ఇచ్చినప్పుడు మగవాళ్ల స్త్రీవేష కళ చచ్చిపోలేదు. స్థానం వారి వైభవమంతా ఆ తర్వాతిదే. కొత్తవాళ్లు వస్తే కళ ఇరుకైపోతుందనే భయానికి మన చరిత్రలోనే ఆధారం లేదు.

ఇక రెండో అభ్యంతరం సాహిత్యవేత్తల నుంచి వస్తుంది. సొంత జీవితాన్ని వేదికెక్కి చెప్పడం వాంగ్మూలం అవుతుందేమో గాని నాటకం ఎలా అవుతుందని వాళ్లు అడుగుతారు. ఈ ప్రశ్న తెలుగు సాహిత్యానికి కొత్తది కాదు. 1993లో 'నీలి మేఘాలు' వచ్చినప్పుడు స్త్రీల కవిత్వం గురించి, 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చినప్పుడు దళిత కవిత్వం గురించి ఇలాగే అడిగాం. ఇది కవిత్వమా, గోడు వెళ్లబోసుకోవడమా అని గట్టిగా వాదించుకున్నాం. ముప్పై ఏళ్ల తర్వాత చూస్తే ఆ రెండు సంకలనాలనూ పక్కనపెట్టి ఆధునిక తెలుగు కవిత్వ చరిత్ర రాయడం ఎవరి వల్లా కాదు. రేవతి ప్రదర్శన విషయంలోనూ రూపం మీద శ్రద్ధ లేదనుకోవడం పొరపాటు. వందల పుటల జీవితంలోంచి ఒక సాయంత్రానికి సరిపడా ఏరుకోవడం, తల్లిగా, అన్నగా, పోలీసుగా, గురువుగా ఒకే గొంతుతో పలకడం నాటకకర్త పనే. మంగై వంటి అనుభవజ్ఞురాలి చేయి పడిన ప్రదర్శనను వాంగ్మూలం అని తీసిపారేసే ముందు ఒకసారి చూడాలి.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసే ప్రమాదం వేరే ఉంది. ఆత్మకథకు చప్పట్లు కొట్టడం అలవాటైన సభ, ట్రాన్స్ రచయిత నుంచి ఎప్పటికీ ఆత్మకథే కోరవచ్చు. నీ గాయం చూపించు, అది చాలు అనవచ్చు. లండన్‌లో నాటక శిక్షణ పొందిన లివింగ్ స్మైల్ విద్య, ఏంజెల్ గ్లాడీ, జీ ఇమాన్ సెమ్మలర్ కలిసి 2014లో చెన్నైలో పెట్టిన 'పన్మై థియేటర్' కూడా 'కలర్ ఆఫ్ ట్రాన్స్ 2.0'లో సొంత అనుభవాలనే ముడిసరుకుగా తీసుకుంది. అది తొలి అడుగుగా అవసరం. పైగా విద్య తన దళిత అస్తిత్వాన్నీ ట్రాన్స్ అస్తిత్వాన్నీ విడదీయకుండా మాట్లాడటం వల్ల, ట్రాన్స్ బతుకంతా ఒకే మూసలో ఉంటుందన్న భ్రమ కొంత పోయింది. కానీ వీళ్లు కరువు గురించి, ఎన్నికల గురించి, హాస్యనాటికలు, పౌరాణికాలు రాసే వీలు కూడా ఉండాలి. రచయిత హోదా పూర్తిగా దక్కడం అంటే తన గురించి రాయకుండా ఉండే స్వేచ్ఛ కూడా దక్కడమే. ఆ స్వేచ్ఛ వేదికలు ఇస్తేనే వస్తుంది.

ప్రేక్షకులు దీనికి ఇంకా సిద్ధంగా లేరని నిర్వాహకులు చెబుతుంటారు. పొరుగునే ఉన్న కర్ణాటక దీనికి జవాబు చెప్పింది. దు. సరస్వతి కన్నడంలోకి తెచ్చిన రేవతి ఆత్మకథను 'బదుకు బయలు' పేరుతో నాటకంగా మలచి, హెగ్గోడుకు చెందిన 'జనమనదాట' బృందం ఎం. గణేశ్ దర్శకత్వంలో ఊరూరా ఆడింది. రేవతి స్వయంగా అందులో నటించారు. హెగ్గోడు మహానగరం కాదు, మలెనాడులో ఒక పల్లె. తెలుగువాళ్లు ఎంతోమంది ఉండే బళ్లారి ప్రాంతంలో పుట్టిన ట్రాన్స్ మహిళ, జోగతి నృత్య కళాకారిణి మంజమ్మ జోగతి 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయ్యారు. 2021లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. మనమూ ఏమీ చేయలేదని కాదు. రేవతి పుస్తకాన్ని పి. సత్యవతి తెలుగులోకి తెచ్చారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చువేసింది, 'ఒక హిజ్రా ఆత్మకథ'కు 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం దక్కింది. చదవడానికి సిద్ధపడిన తెలుగు సమాజం చూడటానికి సిద్ధపడదని నిర్వాహకులు ముందే తీర్పు చెప్పడం తగదు. మన సినిమాల్లో హిజ్రా పాత్రను నవ్వులాటకు వాడుకుంటుంటే అదే ప్రేక్షకులు ఏళ్ల తరబడి కూర్చుని చూశారు కదా.

ఏటా నాటక పోటీలు నడిపే మన పరిషత్తులకు, నంది నాటకోత్సవాల బాధ్యులకు, విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలకు నా విన్నపం ఒక్కటే. ట్రాన్స్ రచయితల నాటికలను పేరుపెట్టి ఆహ్వానించండి, ఇతివృత్తం మీద షరతు పెట్టకండి. ఉత్తమ నటుడు, ఉత్తమ నటి బహుమతుల్లో ఎందులో పోటీపడాలో వాళ్లనే ఎంచుకోనివ్వండి. వాళ్ల జీవితాల మీద నాటికలు రాసే మిగతా రచయితలు ప్రదర్శనకు ముందే రచనను వాళ్లకు చదివి వినిపించాలి. అవసరమైతే ముగింపు మార్చుకోవాలి.