ఆ ఆట సంగతి నాయనకు ఎవరు చెప్పాలి?

పబ్జీ అనే మాట వినని ఇల్లు మన పాల్వంచ చుట్టుపక్కల పల్లెల్లో అరుదు. ఆ ఆట ఏమిటో తెలిసిన తల్లిదండ్రులు మరీ అరుదు. పిల్లగాడు తుపాకులు పేలుస్తున్నాడు, చదువు చెడుతోంది - వారికి తెలిసిందింతే. ఆ భయం తప్పని నేననను. కాని తెలియనిదాన్ని తిడితే తగవు పెరుగుతుందే తప్ప ఆట ఆగదు. తెలియజెప్పవలసిన పూచీ డిగ్రీ చదివే మనదేనని నా అభిప్రాయం.

నిషేధిస్తే పోదా అంటారు కొందరు. 2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో టీవీ, ఫోను పాఠాలు మొదలయ్యాయి. వాటి కోసమే ఎన్నో రైతు ఇళ్లలోకి స్మార్ట్‌ఫోను వచ్చింది. మర్నాడే కేంద్రం పబ్జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. ఏమైంది? 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది. 2022 జూలైలో పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఈసారి 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలని హద్దు పెట్టారు. సర్కారు ఎంత గట్టు వేసినా ఇంట్లో మాటామంతీ లేకపోతే నీళ్లు ఏదో బొక్కన పోతూనే ఉంటాయి.

ఇంతకూ ఆట ఏమిటి? వందమంది విమానంలోంచి ఒక దీవి మీద దిగుతారు. దొరికిన ఆయుధాలు ఏరుకుంటారు. బరి గిరిగీసినట్టు అంతకంతకూ చిన్నదవుతుంది. చివరికి మిగిలినవాడో, మిగిలిన జట్టో గెలిచినట్టు. ఒక్కో ఆటకు అరగంట దాకా పడుతుంది, మధ్యలో ఆపి పెట్టే వీల్లేదు. జట్టులో నలుగురుంటారు. నడిమధ్యలో "ఫోనియ్యిరా" అని గుంజుకుంటే మిగిలిన ముగ్గుర్నీ నట్టేట వదిలినట్టని పిల్లవాడు ఉడుక్కుంటాడు. "ఈ ఆటయ్యాక అన్నానికి రా" అంటే వస్తాడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం తగవులు తీరతాయి.

తుపాకి ఆట ఆడినవాడు హంతకుడవుతాడా? అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో చెప్పిందేమంటే, అరవడం, నెట్టడం వంటి దుడుకుతనానికి ఇటువంటి ఆటలతో కొంత సంబంధం ఉంది గాని, నిజమైన హింసకు ఇవే కారణమనడానికి తగిన ఆధారం లేదు. అలాగని నిశ్చింతగా ఉండరాదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆట వ్యసనాన్ని జబ్బుల పట్టికలో చేర్చింది. ఆట మీద అదుపు తప్పడం, అన్ని పనులకన్నా అదే ముఖ్యం కావడం, నష్టం కనబడుతున్నా మానలేకపోవడం - సాధారణంగా ఏడాదిపాటు ఇలా సాగితేనే జబ్బు అంటారు. సెలవుల్లో నాలుగు రోజులు ఆడినవాడు రోగి కాడు. నిద్ర, బడి, స్నేహాలు వదిలినవాణ్ణి మాత్రం డాక్టరుకు చూపించాలి, కొట్టకూడదు.

ఇక అసలు మాట. ఆ ఆటలోని ఎరాంగెల్ దీవిలో ఇళ్లున్నాయి, మనుషుల్లేరు. అక్కడ ఎవరుండేవారు, ఎటుపోయారు అని ఆట అడగనివ్వదు. మనం అడగొచ్చు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ఇళ్లు వదిలి మన అడవుల్లోకి వచ్చిన గుత్తికోయలు వేలల్లో ఉన్నారు. తుపాకి మోత విన్న మనుషులు మన పక్కనే మిరప కోతలకు కూలికొస్తున్నారు. యుద్ధం గురించి పిల్లలతో మాట్లాడడానికి ఇంతకన్న పెద్ద పాఠం ఏ దేశంలో వెతకాలి? ఆ కాలం చూసిన అమ్మానాయనలకు ఫోను సంగతి తెలియకపోవచ్చు, యుద్ధం సంగతి మనకన్నా బాగా తెలుసు.

మిత్రులారా! ఈ సెలవుల్లో ఒక్క అరగంట నాయనను తమ్ముడి పక్కన కూర్చోబెట్టండి. జట్టులో ఉన్నదెవరు, తెలియనివాళ్లు మాట్లాడుతున్నారా, డబ్బు ఎక్కడ ఖర్చవుతోంది - ఈ మూడూ అడగడం నేర్పండి. అధ్యాపకులు తల్లిదండ్రుల సమావేశంలో మార్కులతో పాటు దీనికీ కొంత సమయమివ్వాలని నా మనవి. పొలంలో తెగులు పేరు తెలుసుకోకుండా మందు కొట్టే రైతు లేడు. పిల్లల విషయంలో మాత్రం తెలుసుకోకముందే మందు ఎందుకు కొట్టాలి?